విమానము కదలుటకు ముందు

అమ్రాబాదు పీఠభూమిమీద వేసవిరాత్రులయందు ఆరుబయట మంచములు వేసికొని పండుకొనువారికి ఆకాశమున రెండు విధములైన వెలుగులు కనబడును. నిలిచియుండునవి చుక్కలు; మినుకుమినుకుమనుచు కదలిపోవునవి శంషాబాదునుండి దక్షిణదిక్కునకు పోవు విమానములు. మా పెద్దమ్మ ఈ రెండవవానిని ఏండ్లతరబడి చూచుచునే యున్నది గాని, అందులో నొకదానియందు తానును కూర్చుండవలసివచ్చునని ఎన్నడును తలంపలేదు. ఆమె కుమార్తె దుబాయిలో కాపురమున్నది. నెలలు నిండుచుండెను. పురుడు పోయుటకు కన్నతల్లి పోకతప్పదుగదా! తోడుగా నేను బయలుదేరితిని.

తెల్లవారకముందే మన్ననూరు ఘాటు దిగి, డిండి దాటి, కడ్తాలు, తుక్కుగూడల మీదుగా శంషాబాదు చేరితిమి. అది వైశాఖమాసము. విమానములో కూర్చుండి అరగంటయైనను అది కదలలేదు. లోపల గాలి ఆడదు, ఉక్క పోయుచున్నది, పసిబిడ్డలు ఏడ్చుచున్నారు. చిన్న సాంకేతికలోపము కలదనియు, సవరింపబడుచున్నదనియు ఒక గొంతు వినవచ్చెను. పెద్దమ్మ రెండవ వరుసలో నడవప్రక్కను కూర్చున్నది. విమానము నడపువారి గది తలుపు అప్పటికింకను తెరచియే యుండుటచే లోపలి సంగతులు ఆమెకు కొంతవరకు కనబడుచుండెను. పసుపుపచ్చని చొక్కా పైన తొడుగుకొనిన యొకడు లోపలికి పోయెను. చాలసేపు మాటలాడిరి. అతడు దళసరి పుస్తకమొకటి తెరచి ఏదో వ్రాసెను, సంతకము చేసెను, ఒక కాగితము చింపుకొని దిగిపోయెను. తలుపు మూసిరి.

పెద్దమ్మ నా చేయి పట్టుకొనినది. "బిడ్డా, గాయన పుస్తకంల రాసిండు, సంతకం జేసిండు, దిగిపోయిండు. సుత్తెగిన పట్టినట్టు నాకైతే కనబడలె. చెడిపోయింది చెడిపోయినట్టే ఉన్నది గద! గిట్లనే పోతాందా ఇది?"

నేను పట్టపరీక్ష ప్యాసయినదాననే గాని, ఆ ప్రశ్నకు నాయొద్ద జవాబు లేకపోయెను. పెద్దమ్మ నడుము పట్టీ ఊడదీసి, దించుమని లేచినది. అప్పుడొక పరిచారిక, మన తెలుగుపిల్లయే, వచ్చి ఆమెప్రక్కను మోకాళ్ళమీద కూర్చుండి, "అమ్మా, చెడినది ఎగురుటకు కావలసినది కాదు. నేలమీద నున్నప్పుడు చల్లగాలినిచ్చు చిన్న యింజను చెడినది. పెద్ద యింజనులు తిరుగనిండు, మీకే తెలియును" అని బుజ్జగించెను. పెద్దమ్మ కూర్చున్నది గాని నమ్మలేదు. కొంతసేపటికి ఒక యింజను రొద చేసెను, పైనుండి చల్లగాలి దిగెను. గంటన్నర ఆలస్యముగా బయలుదేరితిమి. దుబాయి చేరువరకు ఆమె నా చేయి విడువలేదు.

నా మనస్సునకు మాత్రము ఆ ప్రశ్న పట్టుకొనినది. నేను తిరిగివచ్చిన పిమ్మట, విమానములను బాగుచేయు కొలువులో నున్న మరిది వరుస బంధువునొకని పట్టుకొని విసుగుపుట్టునంతవరకు అడిగితిని. అతడు చెప్పినవియు, అటుపిమ్మట నేను చదివి తెలిసికొన్నవియు మన సోదరీమణులకు పనికివచ్చునను తలంపుతో వ్రాయుచున్నాను. నేడు పాలమూరు ప్రాంతమున ఇంటికొకరుగా గాకపోయినను వాడకొకరైనను విమానమెక్కి దూరదేశములకు పోవుచున్నారు. వారిని సాగనంపి, ఫోను మ్రోగువరకు కన్నుమూయక కూర్చుండునది మనమే.

మొదట ఆ తోకలోని చిన్న యింజను సంగతి. దానిని ఎ.పి.యు. అందురు. రెక్కలక్రింది పెద్ద యింజనులు తిరుగకముందు విమానమునకు విద్యుత్తును, చల్లగాలిని ఇచ్చునది అదే. పెద్ద యింజనులను తొలుత త్రిప్పుటకు గాలి నొత్తి పంపునదియు అదే. అది చెడినచో విద్యుత్తునకొక బండియు, గాలికొక బండియు బయటినుండి తెచ్చి తగిలింతురు. బండిగాలితో ఒక యింజనును నిలిచినచోటనే త్రిప్పి, దాని బలముతో రెండవదానిని త్రిప్పుదురు. పెద్ద యింజనులు తిరిగిన పిమ్మట విద్యుత్తును, గాలియు వానినుండియే వచ్చును. కావున సాధారణ ప్రయాణమునకు ఆ లోపము ఉక్కనేగాని అపాయమును తెచ్చునది కాదు. అయితే రెండే యింజనులుగల విమానము దగ్గరలో దిగుటకు చోటులేని మహాసముద్రముమీద గంటలకొలది పోవలసియున్నప్పుడు, కొన్ని విమానముల విషయమున, ఈ చిన్న యింజను కూడ పనిచేయుచుండి తీరవలెను. వస్తువు అదే, లోపము అదే. పోవుదారినిబట్టి అది చిన్నదో పెద్దదో తేలును. వాతావరణమును చూపు రాడారు సంగతియు ఇట్టిదే. దారిపొడవునను ఆకాశము నిర్మలముగా నుండునని తెలిసిన పగటిపూట అది చెడినను పోనిచ్చెదరు. ఉరుములమేఘము లుండునని తెలిసినచో పోనీయరు. శ్రావణమాసమున ఆ లోపముతో ఎందరు బయలుదేరగలరో మీరే ఊహించుకొనుడు.

అట్లయిన ఏది చిన్నది, ఏది పెద్దది అని నిర్ణయించువారెవ్వరు? మనయిండ్లలోనైన ఇల్లాలే నిర్ణయించును. కుక్కరు పిడి మర ఊడినచో గుడ్డపట్టి దింపుకొందుము, సంతకు పోయినప్పుడు బాగుచేయింతుము. దాని సేఫ్టీ వాల్వు చెడినదని తెలిసియు పొయ్యిమీద పెట్టు ఇల్లాలుండదు. కాని పిల్లలు బడికి పోవువేళ, ఆకలి యని కేకలు వేయునప్పుడు, "ఈ ఒక్కపూటకు ఏమగునులే" అనిపించుట మనకందరకును అనుభవమే. విమానము నడపువానికిని మనస్సు మనవంటిదే. వెనుక రెండువందలమంది ఉక్కలో తిట్టుచుందురు; కంపెనీవారు గడియారము చూచుచుందురు. ఆ తొందరలో చిక్కుకొనినవాని తీర్పునకు ఈ విషయమును విడువరాదని విమానశాస్త్రజ్ఞులు గుర్తించినారు. అందుచే తొందరలేనివారు, తీరికగా, ఎన్నడో ముందుగానే కూర్చుండి ఆ తీర్పును వ్రాసిపెట్టినారు. ఆ వ్రాతయే కనీసపరికరముల పట్టిక. ఎం.ఇ.ఎల్. అని దానిని పిలుతురు.

ఆ పట్టిక పుట్టుక యిట్లు. విమానము నిర్మించినవారును, వారి దేశపు అధికారులును కలిసి ఆ జాతి విమానమునకంతకును మూలపట్టిక నొకదానిని తయారుచేయుదురు. దానినుండి ఒక్కొక్క విమానకంపెనీ తన పట్టికను వ్రాసికొనును. మూలమందున్నదానికంటె కఠినముగా వ్రాసికొనవచ్చును గాని, సడలించి వ్రాసికొనరాదు. మనదేశమున పౌరవిమానయాన డైరెక్టరేట్ జనరల్, అనగా డి.జి.సి.ఎ., దానిని పరిశీలించి ఆమోదించిననే చెల్లును. అందు ప్రతి పరికరమునకు ఎదురుగా అది విమానమందెన్ని యున్నవో, బయలుదేరుటకు ఎన్ని పనిచేయుచుండవలెనో, తక్కువైనచో ఏయే షరతులమీద పోవచ్చునో వ్రాసియుండును. కొన్ని షరతులు ఇంజనీరు నెరవేర్పవలసినవి: తీగ విప్పి కట్టుట, ఒక కవాటమును మూసి బిగించుట మొదలగునవి. కొన్ని నడపువారివి: ఇంత ఎత్తునకు మించి పోరాదు, ఇంత ఎక్కువ ఇంధనము పట్టుకొనవలెను, తడిసిన రన్‌వే మీద దిగునప్పుడు ఈ లెక్క చేయవలెను అనునవి. పట్టికలో పేరులేని వస్తువు విమానయోగ్యతకు సంబంధించినదైనచో అది పనిచేసియే తీరవలెనని అర్థము. రెక్కకు, చక్కానికి, చుక్కానికి ఎవరును సడలింపు వ్రాయరుగదా! చదువుకొను దీపము, కాఫీ కాచు పాత్రవంటివి ప్రయాణీకుల సుఖమునకు సంబంధించినవిగా వేరుగా లెక్కించెదరు.

లోపమును వ్రాసి వదలిపెట్టుటకును వీలులేదు. ప్రతిదానికిని గడువు కలదు. బి తరగతి లోపము 3 దినములలో, సి తరగతిది 10 దినములలో, డి తరగతిది 120 దినములలో బాగుపడవలెను. ఎ తరగతి దానికి ఎంత గడువో ఆ పట్టికయే ప్రత్యేకముగా చెప్పును. లోపము వ్రాసిన దినము లెక్కలోనికి రాదు. సోమవారమున బి తరగతి లోపము పుస్తకమున కెక్కినచో గురువారము రాత్రితో గడువు తీరును. ఆ పిమ్మట అది ఎంత చిన్నదైనను విమానము నేలవిడువరాదు. పెద్దమ్మ చూచిన దళసరి పుస్తకము ఈ లెక్కల పుస్తకమే, టెక్నికల్ లాగు. ప్రతి లోపమును, ప్రతి మరమ్మతును, చేసినవాని సంతకముతో అందు ఉండవలెను. ఒక ప్రతి విమానముతో పోవును, ఒకటి నేలమీద నిలిచిపోవును. ఆ ఇంజనీరు కాగితము చింపుకొనిపోవుట కదియే కారణము. లైసెన్సుగల ఇంజనీరు సంతకము లేక విమానము బయలుదేరదు. సంతకము తప్పైనచో అతని బ్రదుకుతెరువే పోవును. చెడిన మీటప్రక్కను, అది పనిచేయదని తెలుపు చీటీ అంటించుటయు నియమమే. లేనిచో మరునాడు వచ్చిన వేరొక పైలట్ దానిని నమ్ముకొనును.

ఇవన్నియు సక్రమముగా నున్నను కెప్టెను ఒప్పుకొననక్కరలేదు. పట్టిక "పోవచ్చును" అనునేగాని "పొమ్ము" అనదు. ఒక్కొక్క లోపము విడివిడిగా చిన్నదే కావచ్చును. కాని ఒక లోపము వలన తక్కువ ఎత్తున పోవలసివచ్చి, రెండవదాని వలన మేఘములు కనబడకపోయినచో, ఆ రెండును కలిసి మూడవ కష్టమును తెచ్చును. అన్ని కలయికలను ఏ పట్టికయు ముందుగా ఊహించి వ్రాయజాలదు. ఆ కూడిక కెప్టెనే చేసికొనవలెను. అతడు, లేక ఆమె, నిరాకరించినచో ప్రయాణీకులకు కోపము వచ్చును. ఆ కోపమును భరించుటయు ఆ ఉద్యోగములో నొక భాగమే యని మా మరిది చెప్పినాడు. ఆమె యనుట మర్యాదకొరకు కాదు. ఈ సంగతిలో మన హైదరాబాదునకు చెప్పుకొనదగిన చరిత్ర యున్నది. 1945లో నిజాము ప్రభుత్వమును టాటాలును కలిసి స్థాపించిన దక్కను ఎయిర్‌వేస్ బేగంపేట కేంద్రముగా డకోటా విమానములను నడపెడిది. 1953లో అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయినది. 1947లో విమానము నడపు వాణిజ్యలైసెన్సు పొందిన ప్రేమ్ మాథుర్ అను యువతిని, ఆడుది యని ఎనిమిది కంపెనీలు కాదనగా, ఉద్యోగమిచ్చినది ఈ దక్కను ఎయిర్‌వేస్ కంపెనీయే. ఆ ప్రేమ్ మాథుర్ 1949లో జాతీయ విమానపందెమున గెలిచినది.

కెప్టెనో, ఆయనతోడి పైలటో, బయలుదేరుటకు ముందు విమానము చుట్టును కాలినడకను ఒకసారి తిరిగిరావలెను. చక్రముల రబ్బరు అరుగుదల, నూనె కారిన జాడలు, యింజనుల పళ్ళెములకు పక్షి తగిలిన గుర్తులు, రెక్కల అంచులు, గాలి ఒత్తిడిని కొలుచు సన్నని రంధ్రములు చూడవలెను. వానలోనైన గొడుగుపట్టియైన తిరుగవలెను. కిటికీప్రక్కను కూర్చున్నవారు ఈసారి గమనించుడు. గుడిలో ప్రదక్షిణము చేసినట్లు తలవంచుకొని ఒకరు తిరుగుచుందురు. అది లాంఛనమని తోచవచ్చును. 1996 అక్టోబరు 2వ తేదీన దక్షిణ అమెరికాలోని పెరూ దేశమున ఏరోపెరూ కంపెనీ విమానమొకటి లీమా నగరమునుండి రాత్రివేళ బయలుదేరినది. అంతకుముందు దానిని కడిగి తుడిచినవారు, నీరు దూరకుండుటకై ఆ సన్నని రంధ్రములపైన అంటించిన పట్టీలను తీయుట మరచినారు. చుట్టును తిరిగి చూచినవారికిని, చీకటిలో, అవి కనబడలేదు. పైకిపోయిన పిమ్మట ఎత్తును, వేగమును చూపు ముళ్ళన్నియు అబద్ధము చెప్పసాగినవి. విమానము సముద్రములో పడి 70 మందియు మరణించిరి. అంట్లు తోమి, నేల తుడిచి, పిల్లలకు నీళ్ళుపోసి దినము గడుపు మనకు ఈ సంగతి మరింత బాధ కలిగించును. పని చేయకపోవుటచే గాదు, చేసినపనిలో తుదిముక్క మరచుటచే వచ్చిన నాశనమది.

ఇంకొక సంగతి కూడ చెప్పక తప్పదు. ఇది మన పెద్దమ్మ ప్రశ్నకు సూటిగా సంబంధించినది. 2008 ఆగస్టు 20వ తేదీన స్పెయిను దేశపు రాజధాని మాడ్రిడ్ నగరమున స్పానెయిర్ కంపెనీ విమానమొకటి బయలుదేరబోయి, బయటి గాలి వేడిమిని కొలుచు సాధనము నేలమీదనే కాగుచున్నదని కనిపెట్టి వెనుకకు వచ్చినది. ఇంజనీర్లు చూచిరి. ఆ కాపుడు మంచుపట్టకుండుటకు ఉద్దేశింపబడినది, ఆనాడు దారిలో మంచు లేదు, పట్టిక ఒప్పుకొనును. దానికి విద్యుత్తును తెగగొట్టి విమానమును విడిచిరి. ఆలస్యమైనది గనుక పైలట్లు తొందరపడిరి. బయలుదేరుటకు రెక్కలవెనుక దించవలసిన ఫలకములను దించుట మరచిరి. ఆ మరపును కూతవేసి చెప్పవలసిన యంత్రము కూయలేదు. 172 మందిలో 154 మంది చనిపోయిరి. చిన్న లోపము వారిని చంపలేదు. దానిని సవరించుటలో తెగిపోయిన క్రమమును మొదటినుండి మరల పట్టుకొనకపోవుట చంపినది. పోపు మాడుచున్నదని పరుగెత్తి తిరిగివచ్చి, ఉప్పు వేసితినో లేదో తెలియక నిలువబడుట మనమెరుగనిదా? మన యింటిలో ఆ పప్పు రుచిచూచి తెలిసికొనవచ్చును. విమానమున కట్టి వీలులేదు. కావుననే చెక్‌లిస్టు అను వరుసపట్టికను ఒకరు బిగ్గరగా చదువగా మరియొకరు జవాబు చెప్పవలెనని నియమించినారు. మధ్య ఎవరైన పలుకరించి ఆపినచో, ఆగినచోటునుండి గాక కొంత వెనుకనుండియో, మొదటినుండియో మరల చదువవలెను.

దీని పుట్టుక 1935 నాటిది. అమెరికాలో బోయింగు వారి నాలుగింజనుల క్రొత్త విమానమొకటి, గాలికి చుక్కాని మొదలగునవి కొట్టుకొనకుండ వేసిన గడియను తీయుట మరచి ఎగిరినందున, అక్టోబరు 30వ తేదీన కూలిపోయినది. నడిపినవారు అనుభవములేనివారు కారు. తెలియకకాదు, ఎక్కువ సంగతులుండుటచే ఒకటి జారినదని తేలినది. అప్పటినుండి తమ జ్ఞాపకశక్తిని నమ్మక కాగితమును నమ్ముట పైలట్లు నేర్చుకొనినారు.

మన నల్లమలకు ఈ విషయముతో నున్న సంబంధము దుఃఖకరమైనది. 2009 సెప్టెంబరు 2వ తేదీ ఉదయము 8 గంటల 38 నిమిషములకు అప్పటి ముఖ్యమంత్రి డాక్టరు వై. యస్. రాజశేఖరరెడ్డి బేగంపేటనుండి బెల్ 430 జాతి హెలికాప్టరులో చిత్తూరు జిల్లాకు బయలుదేరిరి. గంటయైన తిరుగకముందే దాని జాడ తెలియకపోయెను. ఆనాడు నల్లమలపై దట్టమైన వర్షమేఘములు క్రమ్మియుండెను. పగలంతయు, రాత్రియంతయు వెదకిరి. అడవియన్న ఎట్లుండునో ఎరిగిన అమ్రాబాదువారికి ఆ వెదకుట యెంతటిదో వేరుగా చెప్పనక్కరలేదు; పదిగజముల దూరమున నిలిచిన మనిషియే కానరాని చోట్లున్నవి. మరునాటి ఉదయము కృష్ణకు ఆవలిప్రక్క పావురాలగుట్టమీద శకలములు కనబడినవి. అందున్న ఐదుగురును మరణించియుండిరి.

ప్రభుత్వము నియమించిన, ఆర్. కె. త్యాగి అధ్యక్షతగల విచారణసంఘము తన నివేదికలో, బలమైన అధోముఖవాయువులో చిక్కి హెలికాప్టరు వశము తప్పినదని నిర్ణయించినది. నా మనస్సులో నాటుకొనిన సంగతి ఆ నివేదికయందే మరియొకటి యున్నది. చివరి నిమిషములలో గేరుపెట్టె నూనె ఒత్తిడికి సంబంధించిన సూచన యొకటి కనబడగా, పైలట్లు ఇరువురును దానికి చేయవలసిన విధి పుస్తకములో ఎక్కడ నున్నదో వెదకుచుండిరి. ఆ పుట వారికి చిక్కలేదు. ఆ వెదకులాటలో, కమ్ముకొనివచ్చుచున్న మేఘములపై నుండవలసిన దృష్టి చెదరినది. హెలికాప్టరును ఆ నూనె కూల్చలేదు. 1972 డిసెంబరు 29వ తేదీన అమెరికాలో మియామీ నగరముదగ్గర, ముందుచక్రము దిగినదని తెలుపు చిన్నదీపము వెలుగలేదని నడపువారందరును దానిమీదనే కనులుంచగా, విమానము మెల్లమెల్లగా దిగిపోయి చిత్తడినేలలో పడి నూరుమందికి పైగా చనిపోయిరి. అప్పుడును చెడినది ఒక బల్బే.

ఇవి చదివినప్పుడు, ఆనాడు శంషాబాదులో మేము ఉక్కలో గడపిన గంటన్నర నాకు వేరుగా కనబడినది. అది నేలమీద పుస్తకము తెరచిన కాలము. అడిగినపుట చిక్కువరకు చదువవచ్చును. అనుమానమున్నచో వేరొకని పిలువవచ్చును. ఒప్పుకొనక తలుపు తెరచి అందరిని దింపవచ్చును. విమానము తనబలముతో కదలిన తరువాత ఈ పట్టికకు పనియే లేదు. అటుపిమ్మట ఆపత్కాలపు పుస్తకము వేరు. ప్రయాణీకులకు మాత్రము ఈ గంటన్నరను గూర్చి విప్పిచెప్పువారు తక్కువ. "సాంకేతికలోపము" అను రెండుముక్కలు వినిపించి ఊరకుందురు. చల్లగాలి యంత్రము చెడినదని ఆ పిల్ల మోకాళ్ళమీద కూర్చుండి చెప్పకున్నచో పెద్దమ్మ దిగిపోయియుండును, పురిటిబిడ్డ తల్లికొరకు ఎదురుచూచుచుండును. ఇంతలోపము, ఇందుచే పోవచ్చును అని నాలుగుమాటలు తెలుగులో చెప్పుటకు కంపెనీలకు ఏమి కష్టమో నాకు బోధపడదు.

ఆ పరిచారికల పని కాఫీలిచ్చుట మాత్రమే యనుకొనువారు చాలమంది కలరు. ప్రయాణీకులు ఎక్కకముందు తనవంతు భాగమందలి మంటనార్పు సీసాలు, ప్రాణవాయువు సీసాలు, తలుపులోని జారుడుమెట్ల ఒత్తిడిముల్లు, చేతిదీపములు, లౌడుస్పీకరు మొదలగువానిని ఆమె ఒక్కొక్కటిగా చూచి చెప్పవలెను. ఒక అత్యవసరద్వారము పనిచేయనిచో, పట్టిక ఒప్పుకొనినను, దానిదగ్గరి వరుసలను ఖాళీగా ఉంచి ప్రయాణీకులసంఖ్య తగ్గింపవలసి యుండును. స్నానపుగదిలో పొగను కనిపెట్టు సాధనము చెడినచో, చెత్తబుట్టను ఖాళీచేసి, తలుపునకు గడియవేసి, ప్రవేశింపరాదని చీటీ అంటించి, ఆ గదిని మూసివేయుదురు. గదిలో ఎవరును లేకున్న, కాగితమును లేకున్న, మంటకు తావులేదుగదా యని దానియందలి తర్కము.

ఆలస్యమైనప్పుడు మనకు రావలసినదియు తెలిసికొనుట మంచిది. మనదేశపు నియమము ప్రకారము, రెండున్నరగంటలలోపు ప్రయాణమునకు 2 గంటలు, రెండున్నర మొదలు 5 గంటలలోపు దానికి 3 గంటలు, అంతకుమించిన దానికి 4 గంటలు ఆలస్యము కానున్నచో కంపెనీవారు ఫలహారము పెట్టవలెను. మాది గంటన్నరయే గనుక మంచినీళ్ళతో సరిపెట్టిరి. లోపల ఏదైన వింతశబ్దమో, కాలినవాసనయో, పట్టీ బిగియకపోవుటయో తెలిసినచో మొగమాటపడక పరిచారికతో చెప్పవలెను. అది ఆ పుస్తకమున కెక్కును. "అందరును ఊరకున్నారు, నాకెందులకు" అనుకొనరాదు.

ఇదంతయు నేను దుబాయికి ఫోనుచేసి, మనుమరాలిని ఒడిలో పెట్టుకొనియున్న పెద్దమ్మకు విడమరచి చెప్పితిని. మూడుదినములు, పదిదినములు, నూటయిరువదిదినములు అను లెక్క ఆమెకు బాగుగ నచ్చినది. వడ్డీకాగితపు వాయిదాలవలె నున్నదని నవ్వినది. రెండవమారు చెప్పించుకొనినది.

మూడునెలలు గడచిన పిమ్మట అల్లుడు వెంటబెట్టుకొని ఆమెను తీసికొనివచ్చెను. దారిలో జరిగిన సంగతి అతడే చెప్పినాడు. విమానమెక్కగానే ముందరి స్నానపుగది తలుపునకు చీటీ అంటించియుండుట పెద్దమ్మ చూచినదట. చూచి, పరిచారికను పిలిచి, "పొగ చూసేది చెడిపోయిందా బిడ్డా?" అని అడిగినదట. ఆ పిల్ల తెల్లబోయి అవునన్నదట. "ఎన్నొద్దుల గడువు?" అని పెద్దమ్మ మరల అడిగినది. పిల్లకు తెలియలేదు. ముందరికి పోయి కనుగొనివచ్చి, రేపటితో తీరునని చెప్పినది.

"రేపంటే రేపేనా?" అని గద్దించి, పెద్దమ్మ తన నడుము పట్టీ తానే బిగించుకొని, కిటికీప్రక్కకు జరిగినదట.